విహార నౌకలో ‘షుగర్ ఫ్రీ’ మిఠాయి: అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది

గత వారం కోవూరు నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుని భార్య ఫోన్ చేశారు. నా వ్యాసాలు ఆమె క్రమం తప్పకుండా చదువుతారట. పిల్లలు ఇద్దరూ కలిసి వారికి షష్టిపూర్తి కానుకగా చెన్నై నుండి బయలుదేరే విహార నౌకలో టికెట్లు తీసుకున్నారు. మాస్టారికి పదిహేనేళ్ళుగా మధుమేహం. “అన్నయ్య గారూ, ఓడలో షుగర్ ఫ్రీ స్వీట్లు మంచివి దొరుకుతాయా? లేకపోతే నెల్లూరులోనే ఒక కిలో కట్టించుకొని పోదామా? ఆయనకు భోజనం చివర తీపి లేకపోతే భోంచేసినట్టే ఉండదు” అని ఆమె అడిగారు.

ప్రశ్న చిన్నది. జవాబు ఫోన్లో చెబితే అరగంట పట్టింది. ఇదే సందేహం చాలామందికి ఉంటుందని తోచి ఇక్కడ వ్రాస్తున్నాను.

మా తరం వారికి సముద్రమంటే మైపాడులో సాయంత్రం పూట ఇసుకలో కూర్చొని మరమరాలు తినడం, లేదా కార్తీక మాసంలో స్నానం చేసి రావడం. ఓడ ఎక్కడమన్నది రంగూన్ పోయి వచ్చిన తాతల కథలలో విన్న మాట. ఇప్పుడు అలా లేదు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహార నౌక చెన్నై నుండి బయలుదేరి విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో ఇటువంటి నౌకల కోసమే ఒక టెర్మినల్‌ను ప్రారంభించారు. ఇక అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రుల సంగతి చెప్పనక్కరలేదు. ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చే వారిలో ఫ్లోరిడా నుండి కరీబియన్ దీవుల వైపు ఓడలో తిరిగి వచ్చినవారు నా పరిచయస్తులలోనే ఉన్నారు. ఇలా పోతున్నవారిలో ఎక్కువమంది అరవై దాటినవారు. మన దేశంలో అరవై దాటినవారిలో మధుమేహం ఎంత సాధారణమో వేరే చెప్పాలా? భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో వెలువడినప్పుడు, దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లని, మధుమేహానికి ముందు దశలో ఉన్నవారు 13.6 కోట్లని తేల్చింది.

ఓడలో భోజనం టికెట్టులోనే కలిసి ఉంటుంది. ఉదయం నుండి అర్ధరాత్రి దాకా ఏదో ఒక బల్ల మీద ఏదో ఒకటి పరచి ఉంటుంది. డబ్బు కట్టాము కదా అన్న ఆలోచన ఒకటి, మళ్ళీ ఎప్పుడు వస్తామో అన్నది మరొకటి. ఈ రెండూ కలిసినప్పుడు సామాన్యుల నిగ్రహం నిలవదు. నాదీ నిలవదు. అటువంటి చోట ‘షుగర్ ఫ్రీ’ అని చిన్న చీటీ పెట్టిన గిన్నె కనిపిస్తే, మధుమేహం ఉన్న మనిషికి అది అనుమతి పత్రంలాగా తోస్తుంది.

ఆ చీటీ వెనుక ఏమున్నదో చూద్దాము. మన నెల్లూరు మలై కాజానే తీసుకుందాము. దానిలో మైదా ఉన్నది, కోవా ఉన్నది, నెయ్యి లేక నూనె ఉన్నది, పాకం ఉన్నది. ‘షుగర్ ఫ్రీ’ అని చేసేటప్పుడు మార్చేది ఆ చివరి ఒక్కటే. పాకంలో చక్కెరకు బదులు మరొక తీపి పదార్థం వేస్తారు. మైదా అక్కడే ఉన్నది. నూరు గ్రాముల మైదాలో 75 గ్రాముల వరకు పిండిపదార్థమే. అది పేగులోకి పోయి గ్లూకోజుగా మారుతుంది. కోవాలో బరువులో ఐదో వంతు దాకా పాల చక్కెర, అంటే లాక్టోజ్ ఉంటుంది. నెయ్యిలోని కొవ్వు సంగతి సరేసరి. చక్కెర వ్యాధి ఉన్నవారిని చివరికి ఎక్కువగా బలిగొనేది గుండె జబ్బు అన్న సంగతి మిఠాయి దుకాణంలో ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ చట్టం ఒక మాట చెబుతున్నది. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమాల ప్రకారం ఒక పదార్థాన్ని ‘షుగర్ ఫ్రీ’ అనాలంటే నూరు గ్రాములలో చక్కెరలు అర గ్రాముకు మించరాదు. చక్కెరలంటే పంచదార ఒక్కటే కాదు, పాలలో సహజంగా ఉన్న లాక్టోజ్ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. కనుక కోవాతో చేసిన ఏ మిఠాయీ ఆ పేరుకు తగదు. దానిని ‘చక్కెర కలపనిది’ అనవచ్చును గాని ‘చక్కెర లేనిది’ అనరాదు. ఈ రెండు మాటల మధ్య భేదం గమనించే దుకాణదారుని నేను ఇంకా చూడలేదు. గమనించే కొనుగోలుదారుని కూడా అరుదుగానే చూశాను.

పాకంలో చక్కెరకు బదులు వేసేవి స్థూలంగా రెండు రకాలు. సుక్రలోజ్, ఆస్పర్టేమ్, సాకరిన్, స్టీవియా వంటివి ఒక రకం. ఇవి చక్కెర కన్నా వందల రెట్లు తీపి. సుక్రలోజ్ అయితే సుమారు 600 రెట్లు. చిటికెడు చాలును గనుక వీటి వలన రక్తంలో గ్లూకోజు పెరగదు. వీటిలో అతి ప్రాచీనమైనది సాకరిన్. 1879లో అమెరికాలోని ఒక రసాయనశాలలో పనిచేసిన ఫాల్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త, చేతికి అంటిన పదార్థం తియ్యగా ఉండడం గమనించి దానిని కనిపెట్టాడు. (రసాయనశాల నుండి వచ్చి చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చోవడం వలన జరిగిన మేలు ఇదొక్కటే అనుకుంటాను.)

రెండవ రకం మాల్టిటాల్, సార్బిటాల్ వంటివి. మిఠాయికి బరువు, జిగి, పాకపు నిగనిగ కావాలంటే సుక్రలోజ్ చిటికెడుతో రావు. కనుక మిఠాయిలవారు మాల్టిటాల్‌ను ఎక్కువగా వాడుతారు. ఇది చక్కెర కన్నా తక్కువగా గ్లూకోజును పెంచుతుంది, కాని పెంచకపోదు. కేలరీలు చక్కెరలో సగానికి పైగానే ఉంటాయి. మరొక సంగతి ఏమంటే ఇది పేగులో పూర్తిగా జీర్ణం కాదు, మిగిలినది నీటిని లాగుతుంది. ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, నీళ్ళ విరేచనాలు. మా బంధువుల ఇంట ఒక పెళ్ళిలో, పెద్దవాళ్ళ కోసమని ప్రత్యేకంగా తెప్పించిన ‘షుగర్ ఫ్రీ’ లడ్డూలను ఒక పెద్దాయన ఐదు తిన్నారు. మరునాడు సత్యనారాయణ వ్రతానికి ఆయన పీట మీద కూర్చోలేకపోయారు. ఇంట్లో సరదాగా నవ్వుకొన్నాము గాని, ఓడలో, కదిలే గదిలో, డెబ్బై ఏళ్ళ మనిషికి నీళ్ళ విరేచనాలంటే నవ్వులాట కాదు.

బెల్లంతో చేసినవి ఫరవాలేదట కదా అని అడిగేవారు అసంఖ్యాకం. బెల్లం, తాటి బెల్లం, తేనె, ఇవన్నీ చక్కెరకు దాయాదులే. ఆత్రేయపురం పూతరేకు పంచదారతో చుట్టినా, బెల్లంతో చుట్టినా మధుమేహానికి లెక్క ఒకటే. మన తీరప్రాంతపు తాటి బెల్లం రుచి నాకూ ఇష్టమే. అది మందు అని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

ఇప్పుడు ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను అసలు పురికొల్పిన సంఘటన చెబుతాను.

నా చిన్ననాటి సహాధ్యాయి ఒకాయన, అల్లూరు ప్రాంతం వాడు, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనాడు. క్రమశిక్షణ గల మనిషి. మాత్ర తప్పడు, నడక తప్పడు. భార్యతో కలిసి ఇటువంటి నౌకాయానానికే వెళ్ళాడు. మొదటి రోజు మధ్యాహ్నం సముద్రం కొంత పోటుగా ఉన్నదట. భోంచేసినదంతా వాంతి అయింది. సాయంత్రానికి తేరుకొన్నాడు. రాత్రి భోజనానికి ముందు అలవాటు ప్రకారం గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకొన్నాడు. భోజనశాలలో రకరకాల పదార్థాలున్నా, అన్నం జోలికి పోలేదు, రొట్టె ముట్టలేదు. కొద్దిగా సూపు, నాలుగు కీరా ముక్కలు, ఆపైన ‘షుగర్ ఫ్రీ’ పుడ్డింగు రెండు కప్పులు. “అన్నం మానేశాను కదా, ఇది ఎలాగూ షుగరు లేనిదే కదా” అన్నది అతని లెక్క. లెక్కలలో ఆరితేరిన మనిషి!

రాత్రి రెండు గంటలకు భార్యకు మెలకువ వచ్చింది. భర్త ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నవి. పిలిస్తే పొంతన లేని మాటలు. నీరసంతో ఉన్నాడని గ్రహించి ఆమె ఏదైనా తినిపించాలనుకొన్నది. నెల్లూరులో కట్టించుకొని తెచ్చిన పెట్టె పక్కనే ఉన్నది. అందులోని ‘షుగర్ ఫ్రీ’ కోవా బిళ్ళలు రెండు బలవంతంగా నోట్లో పెట్టింది. పావుగంట చూసింది. మనిషి ఇంకా జారిపోతున్నాడు. అదృష్టం బాగుండి గదిలోని ఫోన్‌తో సిబ్బందిని పిలిచింది. ఓడలోని వైద్యుడు వచ్చి వేలి నుండి రక్తం తీసి చూస్తే గ్లూకోజు 48. వెంటనే గ్లూకోజు ఇచ్చారు. అరగంటలో లేచి కూర్చొని, “ఏంది, అందరూ ఇక్కడున్నారు?” అని అడిగాడట.

ఆ తల్లి తెలియక చేసిన పొరపాటు ఏమిటో గమనించండి. రక్తంలో గ్లూకోజు పడిపోయిన మనిషికి ఆమె ఇచ్చినది తీపి పేరుతో ఉన్న, గ్లూకోజు లేని పదార్థం. నాలుకకు తీపి తెలుస్తుంది, మెదడుకు కావలసినది అందదు. కోవాలో కొంత పాల చక్కెర ఉన్నమాట నిజమే గాని, దాని చుట్టూ ఉన్న కొవ్వు వలన అది రక్తంలోకి చేరేసరికి చాలా ఆలస్యమవుతుంది. డైట్ కోలా ఇచ్చినా ఇదే ఫలితం. పైగా స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ముద్ద పెట్టడం వలన అది ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం ఉన్నది.

నా సర్వీసులో పెద్ద షుగరుతో వచ్చినవారిని వందల సంఖ్యలో చూశాను. వారిలో చాలామందికి వైద్యం చేయడానికి వ్యవధి దొరికింది. తక్కువ షుగరు అలా ఆగదు. మధుమేహులు ఓడలో భయపడవలసినది చివరి కప్పులోని పుడ్డింగుకు కాదు. వేళ తప్పిన భోజనానికి, వాంతికి, అలవాటుగా మింగిన మాత్రకు భయపడాలి. తీపి మీద ఇంత చర్చ జరుగుతుండగా ఈ మాట ఎవరూ మాట్లాడరు.

ఇక తీపి సంగతికి వస్తాను. నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. ‘షుగర్ ఫ్రీ’ మిఠాయి నాలుగు తినడం కన్నా, అసలైన మిఠాయి ఒక చిన్న ముక్క, లెక్క ప్రకారం తినడం మేలు. ఇది నా సొంత సిద్ధాంతం కాదు. మధుమేహులకు చక్కెర పూర్తిగా నిషేధమన్న పాత నియమాన్ని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 1994లోనే సడలించింది. మొత్తం మీద తినే పిండిపదార్థం ఎంత అన్నదే ముఖ్యమని, చక్కెరను ఇతర పిండిపదార్థానికి బదులుగా తీసుకోవచ్చునే గాని అదనంగా కాదని అప్పటి నుండి చెబుతున్నారు. ‘బదులుగా’ అన్న ఆ ఒక్క మాటలోనే కిటుకంతా ఉన్నది. ఒక మోస్తరు కాజాలో మైదా, పాకం కలిపి 25 నుండి 30 గ్రాముల పిండిపదార్థం ఉండవచ్చు. నూరు గ్రాముల ఉడికిన అన్నంలోనూ దాదాపు అంతే. కనుక కాజా తినదలచిన పూట ఆ మేరకు అన్నం తగ్గాలి. సగం కాజా అయితే సగం తగ్గుదల. నెల్లూరు మొలగొలుకుల అన్నం కడుపునిండా తిని, దాని మీద ‘షుగర్ ఫ్రీ’ మిఠాయి తిని, రక్తపరీక్ష కాగితం పట్టుకొని “స్వీటు మానేసినా తగ్గలేదు సార్” అన్నవారికి నేను జీవితమంతా ఇదే చెప్పాను.

తినే వరుస కూడా లెక్కలోకి వస్తుంది. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల వారు మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రకాల వరుసలో పెట్టి చూశారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని, పిండిపదార్థం చివర తిన్న రోజున గ్లూకోజు స్పష్టంగా తక్కువగా పెరిగింది. పదకొండు మంది చిన్న సంఖ్యే, నేను ఒప్పుకుంటాను. కాని ఖర్చు లేని పని, హాని లేని పని. ఓడలో బల్లల దగ్గర అన్నం గిన్నె వైపు పోకుండా ముందు కూరలు, చేప, గుడ్డు, పెరుగు వడ్డించుకోండి. తీపిని మాత్రం సాయంత్రం ఖాళీ కడుపున టీతో తినకండి. భోజనం చివరనే తినండి. మాస్టారి అలవాటు ఈ విషయంలో సరైనదే.

2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు తగ్గడానికని ఈ కృత్రిమ తీపి పదార్థాలను వాడవద్దని సూచించింది. పత్రికలలో అది పెద్ద అక్షరాలతో వచ్చింది. అదే సూచనలో, ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఇది వర్తించదన్న వాక్యం ఉన్నది. అది చిన్న అక్షరాలలో కూడా రాలేదు. కాఫీలో ఒక బిళ్ళ వేసుకొనేవారు బెదిరిపోనక్కరలేదు. నా అభ్యంతరం ఆ బిళ్ళ మీద కాదు, ఆ బిళ్ళ పేరు చెప్పుకొని తినే మైదా మీద, నెయ్యి మీద.

మరొక అభ్యంతరం కూడా ఉన్నది. అది వైద్యానికి సంబంధించినది కాదేమో. పెళ్ళి పంక్తిలో అందరికీ ఒక మిఠాయి వడ్డించి, “తాతయ్యకు వేరే ఉంది” అని పెద్దగా కేకవేసి ప్రత్యేక పళ్ళెం తెస్తారు. ఆ పెద్దమనిషి ముఖం ఎవరైనా చూశారా? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే రోజుల్లో ఒక అవ్వ నా దగ్గరకు వచ్చేది. ఇంట్లో కోడలు మంచిదే, తీపి కంటబడనిచ్చేది కాదు. అవ్వ షుగరు మాత్రం తగ్గేది కాదు. చివరికి ఒకనాడు నా చెవిలో చెప్పింది: “అబ్బయా, పొద్దు గూకినాక దొడ్డిలో నిలబడి తింటాండా.” పొట్లం కట్టిన బెల్లం గడ్డ, చీకట్లో, ఒంటరిగా! ఆ తరువాత కోడలిని కూర్చోబెట్టి, పండుగనాడు అందరితోపాటు అవ్వకు ఒక చిన్న ముక్క పెట్టమని, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించమని చెప్పాను. మూడు నెలలలో షుగరు దిగివచ్చింది. మందు మార్చలేదు.

ఓడలో ఏమి తినవచ్చునో అడిగారు కనుక చెబుతాను. జామ, బొప్పాయి, ఆపిల్ ముక్కలు ఒక చిన్న గిన్నెడు. చక్కెర వేయని పెరుగు, దానిలో నాలుగు బాదం పప్పులు. కస్టర్డు వంటి పాలతో చేసినదైతే మూడు చెంచాలు. కేకు కన్నా ఇది నయం. పళ్ళరసం వద్దు, అది గ్లాసులో పోసిన చక్కెర నీరే. ఏదైనా ‘షుగర్ ఫ్రీ’ అని ఉంటే, దేనితో చేశారని వంటవారిని అడగండి. టికెట్టు తీసుకొనేటప్పుడే మధుమేహం సంగతి ముందుగా తెలియజేస్తే మరీ మంచిది. అడగడానికి మొహమాటపడేవారు మనవారే, చెప్పడానికి వారికి మొహమాటం ఉండదు.

మందుల విషయం మీ వైద్యునితో ప్రయాణానికి వారం ముందే మాట్లాడి కాగితం మీద వ్రాయించుకోండి. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర లేదా ఇన్సులిన్ తీసుకొనేవారు, వాంతులై భోజనం చేయలేని పూట మోతాదు ఏమి చేయాలో ముందే తెలిసి ఉండాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు వాంతులైతే, తిండి సరిగా లేకపోతే ఆ మందు తాత్కాలికంగా ఆపవలసి ఉంటుంది. లేకపోతే గ్లూకోజు మరీ ఎక్కువగా కనిపించకుండానే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉన్నది. నీళ్ళ విరేచనాలు, వాంతులు ఎక్కువగా ఉన్నప్పుడు మెట్‌ఫార్మిన్ కూడా ఆపమంటారు. ఇన్సులిన్, మాత్రలు, గ్లూకోమీటరు చేతిసంచిలో ఉండాలి. పెద్ద పెట్టె గదికి చేరడానికి ఒక్కోసారి సాయంత్రమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా గ్లూకోజు పొడి. షుగరు 70 కన్నా తగ్గితే, లేక చెమట, వణుకు, కంగారు కనిపిస్తే, మనిషి మింగగలిగిన స్థితిలో ఉంటే 15 గ్రాములు, అంటే మూడు చెంచాలు నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పావుగంట తరువాత మళ్ళీ చూసి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకొన్నాక ఏదైనా తినిపించాలి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పెట్టకుండా వెంటనే ఓడ వైద్యుని పిలవాలి. ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. వోగ్లిబోస్ లేక అకార్బోస్ అన్న మందులు మనవైపు చాలామంది వాడుతారు. ఆ మందు పేగులో పంచదార విడిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది. అటువంటివారికి తక్కువ షుగరు వచ్చినప్పుడు పంచదార, చాక్లెట్టు త్వరగా పనిచేయవు, గ్లూకోజే కావాలి. మీ మాత్రల అట్ట మీద ఆ పేరు ఉన్నదేమో ఈ రోజే చూసుకోండి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలో చిన్న అక్షరాలతో ఉంటుంది.

ఇదంతా విని ఫోన్లో ఆ అమ్మగారు కొంతసేపు మౌనంగా ఉన్నారు. తరువాత, “అయితే కిలో కట్టించవద్దంటారు” అన్నారు.

“వద్దమ్మా. మంచి కాజాలు రెండు కట్టించండి, అసలైనవే. మొదటి రోజు చెరొక సగం, రెండవ రోజు చెరొక సగం, భోజనం చివర. ఆ పూట మాస్టారి పళ్ళెంలో అన్నం తగ్గించండి. మూడవ కాజా ఉన్నదా లేదా అని వారు అడుగుతారు, లేదనండి. గ్లూకోజు పొట్లం మాత్రం ఒకటి మీ సంచిలో, ఒకటి వారి చొక్కా జేబులో.”

“ఆయన చొక్కా జేబులో పెన్ను తప్ప ఏదీ పెట్టనీయరు అన్నయ్య గారూ.”

“పెన్ను తీసేయమనండి.”